ఆంగ్ల కాల్పనిక కవిత్వము – దాని వెనుకనున్న లోకము

మేము చిన్నతనమున ఆంగ్ల వాచకమునందు వర్డ్స్‌వర్త్ మహాకవి రచించిన డాఫొడిల్ పూల పద్యమును కంఠస్థము చేసితిమి. ఆ పువ్వును మేము గాని, మాకు పాఠము చెప్పిన పంతులుగారు గాని ఏనాడును చూచి యెరుగము. పచ్చచేమంతి వంటిదని వారు చెప్పిరి, మేము నమ్మితిమి. కవి యనగా పనిపాటలు లేక కొండలవెంట తిరుగుచు, పువ్వులను చూచి పరవశించు భాగ్యవంతుడని ఆనాడు మాకు కలిగిన అభిప్రాయము చాలకాలము వదలలేదు. ఉద్యోగమునుండి విరమించిన పిమ్మట తీరిక చిక్కి, ఆ కవుల జీవితములను, వారి దేశచరిత్రను చదువగా, మేము నేర్చినది పద్యమేగాని దాని కథ కాదని తెలిసినది.

ఆ పూలగుంపును కవి ఒంటరిగా చూడలేదు. 1802వ సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీన ఆయనయు, ఆయన చెల్లెలు డారతీయు అల్స్‌వాటర్ సరస్సు గట్టువెంట నడచుచుండగా అవి కనబడినవి. ఆమె ఆ దృశ్యమును ముందుగా తన దినచర్య పుస్తకమున వ్రాసికొనెను. కవి 1804లో పద్యము కట్టెను. 1807లో అది అచ్చయినది. ఆ నడకకు కొద్ది దినములకు ముందే ఫ్రాన్సుతో తొమ్మిదేండ్లుగా సాగుచున్న యుద్ధము తాత్కాలికముగా ఆగినది. అంతకు రెండేండ్లకు పూర్వమే ఇంగ్లండున రొట్టె ధర పేదవాని చేతికందనంతగా పెరిగినది. పూల పద్యము వెనుక ఇంత లోకమున్నది. ఆ లోకమునే మాకు చేతనైనంతవరకు పాఠకుల ముందుంచ దలచితిమి.

పాత పద్ధతి

పదునెనిమిదవ శతాబ్దపు పూర్వార్ధమున ఆంగ్లకవిత్వమునకు పోప్ కవి పెద్దదిక్కు. ఆయన 1744లో మరణించెను. ఆనాటి కవిత్వము లండను నగరపు గోష్ఠులలో పుట్టి, పండితుల మెప్పునకై పెరిగినది. అంత్యప్రాసలతో జంట జంటలుగా నడచు పద్యపాదములు, చతురమైన ఎత్తిపొడుపులు, ఔచిత్యము తప్పని పదజాలము దానికి అలంకారములు. మన ప్రబంధకవులు అష్టాదశవర్ణనలకు కట్టుబడినట్లే వారును కొన్ని కట్టుబాట్లకు లోబడిరి. ఆ కవిత్వమున ప్రతిభ లేకపోలేదు. కాని, పాలేరు గాని, బిచ్చగత్తె గాని, గొఱ్ఱెల కాపరి గాని తన సొంత మాటతో అందు అడుగిడుటకు చోటులేదు.

ఆ చోటును కల్పించినవారే కాల్పనిక కవులు. బ్లేక్, వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్, బైరన్, షెల్లీ, కీట్స్ అను ఆరుగురిని ఈ యుద్యమమునకు ముఖ్యులుగా చెప్పుట వాడుక. వారు తమ్మెన్నడు నా పేరుతో పిలుచుకొనలేదు. అది తరువాతివారు పెట్టిన పేరు. ఒకరినొకరు మెచ్చినవారును, ఒకరినొకరు హేళన చేసినవారును వారిలో కలరు. వారిని కలిపినది వారి కాలము.

కంచెలు పడిన పొలములు

ఇంగ్లండు గ్రామములందు పూర్వము ఊరుమ్మడి బయళ్లుండెడివి. భూమిలేని పేదవాడు అచ్చట తన ఆవును మేపుకొనును; పుల్లలేరుకొనును; కోతలైన చేలలో పరిగె ఏరుకొనును. అది వానికి దయాధర్మము కాదు, తాతలనాటి హక్కు. ధాన్యమునకును, ఉన్నికిని ధరలు పెరిగినకొలది పెద్ద భూస్వాములు పార్లమెంటున చట్టములు చేయించి ఆ బయళ్లకు కంచెలు వేయించిరి. 1604 మొదలు 1914 వరకు ఇట్టి చట్టములు 5,200కు పైగా వెలువడినవి. 68 లక్షల ఎకరములు, అనగా ఇంగ్లండు వైశాల్యమున ఐదవ వంతుకు మించిన నేల, కంచెలలోనికి పోయినది. అందు అధికభాగము 1750 తరువాతి నూరేండ్లలో జరిగినదే. కొత్త పద్ధతివలన పంట పెరిగినదనుట నిజము. పంట పెరిగిన చేనిలో పేదవానికి నిలువ చోటు తరిగినదనుటయు నిజము.

గోల్డ్‌స్మిత్ కవి 1770లోనే ‘పాడువడిన పల్లె’ యను అర్థముగల కావ్యమును వ్రాసి ఈ దుఃఖమును చెప్పెను. కాని దానిని అనుభవించి చెప్పినవాడు జాన్ క్లేర్. ఆయన 1793లో హెల్ప్‌స్టన్ అను పల్లెయందు కూలివాని ఇంట పుట్టెను. 1809లో ఆ ఊరి బయళ్లకు కంచెవేయు చట్టము వచ్చినది. తాను తిరిగిన బాటలు మూసుకొనిపోవుట, తానెరిగిన చెట్లు కూలుట ఆయన కన్నులార చూచెను. 1820లో తొలి పుస్తకము అచ్చుకాగా లండనువారు ‘కూలికవి’ యని ముచ్చటపడిరి. ఆయన తన ఊరి మాండలికమున పక్షులకు, పురుగులకు, గాలికి, బురదకు గల పేర్లను అట్లే వాడెడివాడు. ప్రచురణకర్త ఆ మాటలను కొన్ని దిద్ది, కొన్ని తీసివేసెను. ముచ్చట కొన్నాళ్లకే తీరినది. క్లేర్ మతి చెదరి, జీవితమున చివరి ఇరువదిరెండేండ్లు నార్తాంప్టన్ చికిత్సాలయమున గడపి 1864లో మరణించెను. ఆయన మాటలను ఆయన వ్రాసినట్లే అచ్చువేయుట ఇరువదవ శతాబ్దమున గాని జరుగలేదు.

యంత్రములు, పిల్లలు, మగ్గములు

పొలమునుండి వెడలినవారిని పట్టణము చేర్చుకొనెను. 1764 ప్రాంతమున హార్‌గ్రీవ్స్ అను నేతగాడు ఒకేసారి పెక్కు కండెలు వడకు రాట్నమును కనిపెట్టెను. 1771లో ఆర్క్‌రైట్ క్రామ్‌ఫర్డ్ అను చోట నీటిబలముచే నడచు నూలుమిల్లును స్థాపించెను. 1785లో కార్ట్‌రైట్ మరమగ్గమునకు హక్కుపత్రము పొందెను. 1801లో తొలి జనాభాలెక్క తీయగా ఇంగ్లండు, వేల్సులందు సుమారు 89 లక్షలమంది తేలిరి. 1851 నాటికి వారు సుమారు 179 లక్షలైరి. అప్పటికి జనులలో సగము పట్టణవాసులే. మిల్లులలో పిల్లలు తెల్లవారకముందే పనికి పోయెడివారు.

లండనున చెక్కడపు పనితో పొట్టపోసికొన్న బ్లేక్ కవి ఈ పిల్లలను విస్మరింపలేదు. పొగగొట్టములలో దూరి మసి దులుపుటకు ఐదారేండ్ల బాలురను కొనితెచ్చెడి ఆచారము అచ్చట నుండెను. ఎనిమిదేండ్లు నిండనివారిని పెట్టరాదని 1788లో చట్టము వచ్చెనుగాని అది కాగితమునకే పరిమితమైనది. బ్లేక్ 1789లో ఒకటి, 1794లో ఒకటి, ఈ బాలురపై రెండు గీతములు రచించెను. మొదటిదానియందు బాలుడు తన కష్టమును అమాయకముగా సహించును. రెండవదానియందు తన్నీ పనిలో పెట్టి గుడికి పోయిన పెద్దలను వేలెత్తి చూపును. ఆ గీతములను ఆయన రాగిరేకులపై తానే చెక్కి, బొమ్మలు వ్రాసి, తానే ముద్రించెను. కొన్నవారు కొలదిమంది. ఆ దురాచారము నిజముగా అణగినది 1875 చట్టముతోనే.

1811లో నాటింగ్‌హామ్ ప్రాంతపు నేతపనివారు, కొత్తరకపు చట్రములవలన కూలి తగ్గి ఆకలిపాలై, రాత్రులందు వాని విరుగగొట్టసాగిరి. చట్రము విరిచినవానికి ఉరి యని ప్రభుత్వము చట్టము తలపెట్టెను. 1812 ఫిబ్రవరి 27వ తేదీన ఇరువదినాలుగేండ్ల బైరన్ ప్రభువు ప్రభువులసభలో తన తొలి ప్రసంగమును ఆ చట్టమునకు విరుద్ధముగా చేసెను. ఉన్న ఉరిశిక్షలు చాలకనా మరియొకటి యని ఆయన అడిగెను. సభవారు విని, చట్టమును నెరవేర్చుకొనిరి.

ఇచ్చట మన కథయు కొంత కలదు. ఆ యంత్రములు పుట్టకమునుపు ఇంగ్లండువారు మన కోస్తా బట్టలకై ఎగబడెడివారు. తమ నేతగాండ్ర మొరవిని వారు 1700లోను, 1721లోను మన అద్దకపు బట్టలను నిషేధించుచు చట్టములు చేసిరనిన, ఆ బట్టల బలము తెలియును. మచిలీపట్టణము, నరసాపురము చేరువనున్న మాధవాయపాలెము, యానామునకు దాపుననున్న ఇంజరము కుంపిణీవారికి బట్టల స్థావరములు. మాధవాయపాలెము పేరు ‘మడపొల్లాము’ అను బట్టకు పేరై సీమలో నిలిచినది. 1813లో భారత వాణిజ్యమున కుంపిణీ గుత్తాధికారము తీరిపోయిన పిమ్మట లాంకషైరు మిల్లుబట్ట వెల్లువగా వచ్చినది. నాటింగ్‌హామ్ నేతగాని ఆకలికి ఒక బైరన్ పలికెను. ఇంజరపు నేతగానికై ఆ సభలో పలికినవాని పేరు మాకు ఏ పుస్తకమునను కనబడలేదు. పిమ్మటి కాలమున తెలుగు పద్మశాలీలు షోలాపురము, బొంబాయి, భీవండులకు వలసపోయి మగ్గములయొద్దను, మిల్లులలోను కుదురుకొనిరి. ఆ కుటుంబములవారు ఈ సంపుటిని చదువువారిలో నున్నచో, ఈ చరిత్ర వారికి పరాయిది కాదు.

ఫ్రాన్సు దేశపు ఉప్పెన

1789 జూలై 14వ తేదీన పారిస్ ప్రజలు బాస్టిల్ కోటను పట్టుకొనిరి. మరుసటి ఏడు జూలై 13న, ఆ వార్షికోత్సవపు ముందునాడు, ఇరువదేండ్ల వర్డ్స్‌వర్త్ కలే రేవున దిగెను. ఊరూర తోరణములు, నాట్యములు. లోకము మారుచున్నదని ఆయన మనసార నమ్మెను. మరల 1791లో పోయి ఏడాదికి పైగా అచ్చటనే యుండెను. ఆనెట్ వాలన్ అను ఫ్రెంచి యువతిని ప్రేమించెను. 1792 డిసెంబరున వారికి కూతురు పుట్టెను. కాని ఆయన ధనములేక స్వదేశమునకు మరలెను. 1793 ఫిబ్రవరిలో యుద్ధము మొదలు కాగా దారులు మూసుకొనిపోయినవి. కూతురి ముఖమును ఆయన 1802లో, పైన చెప్పిన తాత్కాలిక సంధికాలమున, తొలిసారిగా చూచెను. డాఫొడిల్ పూల సంవత్సరమును అదియే.

ఫ్రాన్సున విప్లవము నెత్తుటిమడుగుగా మారుట, పిమ్మట నెపోలియన్ చక్రవర్తి యగుట ఈ యువకుల ఆశలను కూల్చినవి. కోల్‌రిడ్జ్, సదే అను మిత్రులు 1794లో అమెరికాకు పోయి ఒక నదీతీరమున సొంత ఆస్తిలేని సమాజమును స్థాపింప దలచిరి. ధనము కూడలేదు, మనసులు కలియలేదు. ఆ యోచన కాగితముననే నిలిచినది. ఇంగ్లండు ప్రభుత్వమునకు ప్రతి నీడయు విప్లవకారునివలె తోచెను. 1797లో వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్ సోమర్సెట్ సీమయందు వాగులవెంట తిరుగుచు, ఏమో వ్రాసికొనుచుండగా వారిపై ఒక వేగులవానిని నియమించిరి. కోల్‌రిడ్జ్ తరువాత ఒక హాస్యము వ్రాసెను: తాము స్పినోజా యను తత్త్వవేత్తను గూర్చి మాటాడుచుండగా, పొదచాటున పొంచిన ఆ వేగులవాడు ‘స్పై నోజీ’ యని విని, తన ముక్కునుద్దేశించియే ఆ మాట అనుచున్నారని భ్రమించెనట. స్పై యనగా ఆంగ్లమున వేగులవాడు గదా. నవ్వుకొనుటకు బాగుగనే యున్నదిగాని, ఆ ఏండ్లలోనే విచారణ లేకుండ జనులను చెరబెట్టుటకు వీలుగా వారి హక్కుల చట్టమును తాత్కాలికముగా ఆపివేసిరి. 1799, 1800 సంవత్సరములలో కార్మికసంఘములను నిషేధించిరి.

ఆ యుద్ధముల అలలు మన రేవులను కూడ తాకినవి. ఇంగ్లీషువారు ఆక్రమించుకొన్న ఫ్రెంచి స్థావరములు 1814 పారిస్ సంధి ననుసరించి తిరిగి ఫ్రెంచివారికి చెందినవి, యానాము అందొకటి.

గొఱ్ఱెల కాపరి మాట

ఆశాభంగము పొందిన కవులు ప్రజలను విడువలేదు. రాజ్యము మారకున్నను, చూపు మారవచ్చునని వారు తలచిరి. 1798లో బ్రిస్టల్ నగరమునుండి ‘లిరికల్ బాలడ్స్’ అను చిన్న పుస్తకము కవుల పేరులేకుండ వెలువడినది. అందు ఇరువదిమూడు కవితలు. కోల్‌రిడ్జ్‌వి నాలుగు, తక్కినవి వర్డ్స్‌వర్త్‌వి. బిచ్చగాండ్రు, పిచ్చితల్లులు, మందబుద్ధి బాలుడు అందలి నాయకులు. 1800 నాటి రెండవ కూర్పునకు వ్రాసిన పీఠికలో వర్డ్స్‌వర్త్ తన మతమును వెల్లడించెను: జనులు నిజముగా మాటాడు మాటయే కవిత్వమునకు తగిన మాట, పల్లెవారి హృదయములందలి భావములు నగరవాసుల భావములకు తీసిపోవు. పండితులు చాలమంది ఎకసక్కెము చేసిరి. అంతకుమునుపే, 1786లో, స్కాట్లండు రైతు బిడ్డ రాబర్ట్ బర్న్స్ తన యింటిభాషలో కవితలు వ్రాసి 612 ప్రతులు అచ్చువేయించి ఆ మాటను నిరూపించియే యుండెను.

ఆ రెండవ కూర్పున ‘మైకేల్’ అను కథాకావ్యము కలదు. మైకేల్ ముసలి గొఱ్ఱెల కాపరి. పిత్రార్జితమైన కొద్దిపాటి నేల ఆయన ప్రాణము. అన్నకొడుకునకు పూచీపడగా అప్పు మీదబడెను. నేల అమ్ముటకు మనసొప్పక, ఒక్కగానొక్క కొడుకు లూక్‌ను సంపాదనకై పట్టణమునకు పంపదలచెను. ప్రయాణమునకు ముందు తండ్రికొడుకులు కొండవాగు ఒడ్డునకు పోయి, కట్టదలచిన గొఱ్ఱెలదొడ్డికి కొడుకుచేత తొలిరాయి పెట్టించెను. నీవు తిరిగివచ్చునప్పటికి దీనిని పూర్తి చేసెదనని తండ్రి మాటయిచ్చెను. లూక్ పట్టణమున చెడి, సముద్రము దాటి పారిపోయెను. ముసలివాడు ఆ దొడ్డికడకు పోవుచునే యుండెను. పెక్కునాళ్లు రాతిమీద రాయి పెట్టకయే కూర్చుండి తిరిగివచ్చెను. ఏడేండ్లకు చనిపోయెను. భార్య మరి మూడేండ్లు బ్రతికెను. నేల పరులపాలైనది, దొడ్డి అసంపూర్ణముగా నిలిచినది.

1801 జనవరిలో వర్డ్స్‌వర్త్ ఈ పుస్తకమును ఫాక్స్ అను రాజకీయనాయకునికి పంపుచు, చిన్న కమతము పేదకుటుంబపు అనురాగములను కట్టియుంచు ముడి యనియు, యంత్రశాలలు, పన్నులు, అనాథగృహములు ఆ ముడిని త్రెంచుచున్నవనియు వ్రాసెను. కవిత్వమును ప్రభుత్వమునకు అర్జీవలె పంపిన యట్టి సందర్భము మాకు మిక్కిలి నచ్చినది. పైరులేక, పనిలేక, ఊరు విడిచి కొడుకులను దూరదేశములకు పంపిన ముసలివారి కథలు మన కుటుంబములందు ఎన్ని లేవు!

ఉద్యోగస్థులైన కవులు

మావంటి గుమాస్తాలకు ఊరట కలిగించు విషయము మరియొకటి. బర్న్స్ 1789 నుండి సుంకముల శాఖలో ఉద్యోగి. వర్డ్స్‌వర్త్ 1813లో వెస్ట్‌మోర్లండు సీమకు స్టాంపుల పంపిణీదారుగా నియమితుడయ్యెను. వారి మిత్రుడు చార్లెస్ లాంబ్ 1792 మొదలు 1825 వరకు లండనులోని ఈస్టిండియా కుంపిణీ కచ్చేరిలో లెక్కల గుమాస్తా. ఉన్మాదావేశమున తల్లిని చంపిన అక్క మేరీని అనాథగా విడువక, పెండ్లిమాని, జీవితాంతము ఆమెను సాకినవాడు. బల్లముందు పగలెల్ల లెక్కలు వ్రాసి, రాత్రులందు వ్యాసములు వ్రాసెను. మన పిల్లలు చదువు షేక్‌స్పియరు కథలు ఆ యక్కాతమ్ములు 1807లో వ్రాసినవే. తన అసలు రచనలు కుంపిణీ బీరువాలలోని లెక్కల పుస్తకములే యని ఆయన పరిహాసమాడెను. పింఛను పుచ్చుకొన్న పిమ్మట, ఇంత కాలమును ఏమిచేయవలయునో తెలియక బిత్తరపోయిన గుమాస్తాను గూర్చి ఆయన వ్రాసిన వ్యాసమును మేము మా విరమణ జరిగిన సంవత్సరమున చదివితిమి. అందు మమ్ము మేమే చూచుకొంటిమి.

తరువాతి తరము

1819 ఆగస్టు 16వ తేదీన మాంచెస్టరు నగరమున, సెయింట్ పీటర్ మైదానమందు, ఓటుహక్కు కోరుచు సుమారు అరువదివేలమంది కూడిరి. వారిపై గుఱ్ఱపు రౌతులు కత్తులు దూసిరి. పదునైదుగురికి తక్కువగాక మరణించిరి, వందలమంది గాయపడిరి. నాలుగేండ్ల క్రిందటి వాటర్లూ విజయమును వెక్కిరించుచు జనులు దానికి ‘పీటర్లూ’ అని పేరిడిరి. ఇటలీలోనున్న షెల్లీ ఆ వార్త విని ‘అరాజకత్వపు ఊరేగింపు’ అను అర్థముగల దీర్ఘగీతమును వ్రాసి పంపెను. అచ్చువేసినవానికి చెరసాల తప్పదు గనుక అది అతని జీవితకాలమున వెలుగు చూడలేదు; 1832లో వెలువడినది. షెల్లీ 1822లో ముప్పదియేండ్లు నిండకమునుపే సముద్రమున మునిగిపోయెను.

గుఱ్ఱపుశాల నడపినవాని కొడుకైన కీట్స్ వైద్యవృత్తికి అర్హత పొంది, దానిని విడిచి కవి యయ్యెను. 1818లో విమర్శకులు కొందరు ఆయన పుట్టుకను, చదువును ఎత్తిచూపి, మందుసీసాలయొద్దకు మరలిపొమ్మనిరి. ఆయన 1821లో క్షయవ్యాధిచే రోమునగరమున ఇరువదియైదేండ్లకే కన్నుమూసెను. బైరన్ గ్రీకుల స్వాతంత్ర్యమునకై పోయి 1824లో జ్వరముచే మరణించెను. వీరికన్న పెద్దవాడైన వర్డ్స్‌వర్త్ 1850 వరకు జీవించి, ఆస్థానకవి యయ్యెను. ఓటుహక్కును పెంచిన 1832 చట్టమును వ్యతిరేకించెను. యౌవనమున పల్లెవాని పక్షమున నిలిచిన కవి వార్ధక్యమున ప్రభువుల పక్షమున చేరుట విచారకరమే. అయినను ‘మైకేల్’ వ్రాసిన చేయి ఆయనదే. దానిని మనము త్రోసివేయలేము.

తెలుగు వాకిట

‘లిరికల్ బాలడ్స్’ పుట్టిన 1798లోనే కలకత్తాలో సి. పి. బ్రౌను జన్మించెను. పండితులు ఉపేక్షించిన వేమన పద్యములను ఆయన 1829లో అచ్చువేయించెను. ఆ ఆంగ్లకవుల కావ్యములు కళాశాలల ద్వారా మనవారికి అందినవి. గురజాడవారు 1910లో ‘ముత్యాల సరాలు’ ఛందస్సుతో వాడుకమాటను కవిత్వమునకు తెచ్చిరి. రాయప్రోలువారు గోల్డ్‌స్మిత్ కథాకావ్యము ననుసరించి ‘లలిత’ రచించిరి. 1925లో ‘కృష్ణపక్షము’ ప్రకటించిన దేవులపల్లివారిని జనులు ‘ఆంధ్ర షెల్లీ’ యనిరి. వారు పూలను, వెన్నెలను, విరహమును గ్రహించినంతగా కంచెలను, మిల్లులను గ్రహింపలేదని కొందరందురు. ఆ లోటును గురజాడవారియందు చూపుట కష్టము.

మన యింటి మాట

ఈ వ్యాసము వ్రాయుటకు మమ్ము పురికొల్పినది పాండిత్యము కాదు. అది మాకు లేదు. క్లేర్ కథయే పురికొల్పినది. హొసూరున గాని, మదురలో గాని, బరంపురమున గాని, తరతరములుగా స్థిరపడిన మన యిండ్లలో మాటాడు తెలుగు పుస్తకపు తెలుగు కాదు. కోస్తానుండి వచ్చిన చుట్టములు మన యవ్వ ‘ఉండాది’ యనగా నవ్వుదురు. మన పిల్లలు సిగ్గుపడి, ఇంటి తెలుగు మాని, బడిభాషలోనికో ఆంగ్లములోనికో జారుకొందురు. తాము పలుకునది తప్పని నమ్మినవాడు దానిని దిద్దుకొనడు, విడిచివేయును. హెల్ప్‌స్టన్ కూలివాని మాటలను దిద్దినవారి పేరు నేడు కొందరికే తెలియును. ఆ మాటలు మాత్రము పుస్తకములలో నిలిచినవి. ఏలయన, ఆయన సిగ్గుపడక వ్రాసిపెట్టెను. మన యవ్వలు వాడు వంటింటి మాటలను, పొలపు మాటలను, తిట్లను, జోలపాటలను ఒక నోటుపుస్తకమున వ్రాసియుంచుడని మా మనవి. దానికి పండితులు కానక్కరలేదు. గుమాస్తా దస్తూరి చాలును.

డాఫొడిల్ పువ్వును మేము ఇంకను చూడలేదు. ఇటీవల మా మనుమరాలు సెల్‌ఫోనులో దాని బొమ్మను చూపినది. చేమంతివలె లేదు, నడుమ చిన్న గిన్నె వంటిది కలదు. ఆ పద్యమును మేము తప్పులేక అప్పగించితిమి. పిమ్మట ఆమెకు మైకేల్ కథ చెప్పితిమి. “ఆ దొడ్డి కడకు ఎవరు కట్టినారు తాతా?” అని ఆమె అడిగినది. ఎవరును కట్టలేదని చెప్పితిమి.